టేపు కింద ఊపిరి

ఆ వేసవి మొదట్లో మా ఇంట్లో ఒక మాట వాడడం మానేశాం. మానేయమన్నది మా అత్తయ్య. ఆవిడ వద్దన్నదానికి ఇక అప్పీలు ఉండదు.

మాది సరస్సు ఒడ్డున ప్యాడిల్ బోర్డులు అద్దెకిచ్చే ఇల్లు. నిలబడి తెడ్డు వేసుకుంటూ నీళ్ళ మీద తిరిగే పొడుగాటి బోర్డులు. తెడ్డు వేసిన ప్రతిసారీ దాని కర్ర బోర్డు అంచుకి టక్కున తగులుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళకి తక్కువ తగులుతుంది, కొత్తవాళ్ళు మాత్రం పాత కక్షలేవో ఉన్నట్టు కొడతారు. తగిలినా పగలకుండా ఉండాలని అంచు పొడుగునా మందపాటి టేపు వేస్తాం. అద్దంలా ఉంటుంది, వేసినట్టు తెలియకూడదు. అతికించేటప్పుడు దాని కింద గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి బుడగని మా మామయ్య "ఊపిరి" అనేవారు.

"అదుగో, అక్కడ ఊపిరుంది. తియ్యి" అనేవారు. రబ్బరు పట్టీతో నొక్కి, అంచు దాకా తోసి, బయటికి పంపేశాక "ఊపిరి పోయిందా?" అని అడిగేవారు. "పోయింది మామయ్యా" అంటే, "అయితే ఇంకోదాన్ని తీసుకురా" అనేవారు. బయటివాళ్ళు వింటే పోలీసులకి చెప్తారని మా ఆయన నవ్వేవాడు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మాత్రం నిజంగానే ఉలిక్కిపడ్డాను. తర్వాత నా నోటికీ అదే అలవాటైపోయింది.

మామయ్య ఊపిరితిత్తులు పాడైపోయాయని తేలింది ఆ ఏడే. బతుకంతా ఆయన చేసిన పని పగిలిన అంచులు బాగుచేయడం. పగిలిన చోట జిగురు పూడ్చి, ఆరాక ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. షెడ్డంతా తెల్లటి పొడి లేచేది. ముక్కుకి గుడ్డ కట్టుకోమని అత్తయ్య ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. చెమట పడుతోందని గుడ్డ పీకేసేవారు. ఆ పొడి లోపల పేరుకుపోయిందని, ఇక మందులు పని చేయవని, యంత్రం పెట్టుకుని ఉన్నన్నాళ్ళు ఉండడమేనని డాక్టరు చెప్పారు.

ఆసుపత్రి నుంచి ఆయన్ని ఇంటికి తెచ్చి పడుకోబెట్టిన రోజున, అత్తయ్య గదిలోంచి బయటికి వస్తూ ఉండగా షెడ్డులో మా ఆయన నన్ను మామూలుగా అడిగాడు, ఊపిరి పోయిందా అని. అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరేయ్, ఇకమీదట ఆ మాట ఈ ఇంట్లో వినపడకూడదు. గాలి అనుకోండి, బుడగ అనుకోండి, మీ ఇష్టం. అది మాత్రం వద్దు."

"సరేనమ్మా."

"నాకు చాలని సరుకు టేపు కింద మాత్రం ఎందుకు, తీసెయ్యండి" అన్నారు మామయ్య మంచం మీద నుంచి. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చి దగ్గారు. అత్తయ్య నవ్వలేదు. మేమూ నవ్వలేదు. ఆ రోజు నుంచి అందరం గాలి అనడం మొదలుపెట్టాం.

మామయ్య పడుకున్న గది షెడ్డుకీ పెరడుకీ మధ్యన ఉండేది. గది కిటికీ షెడ్డులోకి, తలుపు పెరట్లోకి. కిటికీ పక్కనే మంచం వేయించుకున్నారు. అక్కడి నుంచి చూస్తే బోర్డులు పెట్టే స్టాండ్లు, వాటి వెనక రేకు తలుపు సందులోంచి సరస్సు ముక్క కనిపిస్తాయి. ఆ ఏడు వేసవి వేసవిలా లేదు. రోజూ మబ్బు. సరస్సు కూడా గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉండేది. ఆయన మాత్రం ఆ ముక్కనే చూస్తూ పడుకునేవారు. పక్కన ఆక్సిజన్ యంత్రం గురగురమంటూ ఉండేది.

ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే. "నన్ను వార్డుకి పంపకండి. అక్కడ గోడలు చూస్తూ పోలేను. ఎప్పుడు పోయినా ఈ మంచం మీదే పోతాను." అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని సరేనంది. మాటిచ్చింది ఆవిడ, మోయాల్సింది కూడా ఆవిడే.

సీజను మొదలయ్యేలోగా బోర్డులన్నిటికీ టేపు వేయించాలని మామయ్య పట్టు పట్టారు. అంతకు ముందు ఖరీదైన బోర్డులకే వేసేవాళ్ళం. ఈసారి పాతవీ, గీతలు పడ్డవీ, పిల్లల బోర్డులు కూడా వదలొద్దన్నారు.

"అన్నిటికీ ఎందుకు మామయ్యా, సగానికి వేద్దాం. మిగతావి పగిలితే అప్పుడు చూసుకుందాం" అన్నాను.

"పగిలితే ఏం చేస్తావు?"

"పూడ్చి, రుద్ది..."

ఆయన ముక్కుకి పెట్టిన గొట్టం ఒకసారి సర్దుకున్నారు. నేను నోరు మూసుకుని టేపు చుట్ట తెచ్చాను.

మొదటి బోర్డుకి నేను టేపు వేస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తూ తప్పులు పట్టారు. గొంతు పెద్దగా వచ్చేది కాదు, కిటికీ చువ్వ మీద చెంచాతో కొట్టి నన్ను పిలిచేవారు.

"ముందు స్పిరిటు పెట్టి తుడువు. జనం ఒంటికి పూసుకున్న జిడ్డంతా అంచుకే ఉంటుంది."

"తుడిచాను."

"ఇంకోసారి తుడువు. అమ్మాయ్, ఆ చివర నుంచి మొదలుపెట్టకు. మధ్యలోంచి ముక్కు దాకా, మళ్ళీ మధ్యలోంచి తోక దాకా. వెనకాల కాగితం ఒకేసారి లాగెయ్యకు, కొంచెం కొంచెం."

"ఇలాగేనా?"

"లాగుతున్నావు. లాగకు. లాగి అతికిస్తే రెండ్రోజులు బాగానే ఉంటుంది, తర్వాత వెనక్కి ముడుచుకుని చివర్లు లేస్తాయి. దాని మానాన దాన్ని పడుకోనివ్వు."

అప్పుడే మామయ్యకి పాలు పట్టుకుని అత్తయ్య గదిలోకి వచ్చింది. షెడ్డు పనుల్లో ఆవిడ ఎప్పుడూ వేలు పెట్టేది కాదు. కిటికీలోంచి చుట్ట మీద ఉన్న అక్షరాలు చదివి, "రైల్ టేప్ అని ఉంది. ఇది రైళ్ళకి వేసేది కాదా? తప్పు సరుకు ఇచ్చాడేమో చూసుకోండి" అంది.

మామయ్యకి నవ్వొచ్చింది. ఆ నవ్వుకి దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వుతూ, "బోర్డు అంచుని రైలు అంటారే. ఇన్నేళ్ళుగా రైలాఫీసులో కాపురం చేస్తున్నాననుకున్నావా?" అన్నారు.

"ఏమో, నాకేం తెలుసు. మీరెప్పుడు చెప్పారు గనక" అంది అత్తయ్య. ఆయన వీపు రాస్తూ ఆవిడ కూడా నవ్వింది. ఆ వేసవిలో వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను చూసింది అప్పుడే.

వంపుల దగ్గర టేపు బిరుసుగా ఉంటే అతుక్కోదు, వేడి చేయాలి. మామూలుగా అయితే ఎండలో పెడితే సరిపోతుంది. ఎండ లేదు కాబట్టి హెయిర్ డ్రయ్యర్ పెట్టాను. అది వేయగానే ఇంట్లో కరెంటు ఠప్పుమని పోయింది, ఆక్సిజన్ యంత్రం కీచుమని అరిచింది. అత్తయ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. మా ఆయన ఫ్యూజు వేసేదాకా మా ముగ్గురి ప్రాణాలూ గుప్పిట్లో ఉన్నాయి. ఆ తర్వాత డ్రయ్యర్ జోలికి పోలేదు. అత్తయ్య నడుముకి కాపడం పెట్టుకునే వేడినీళ్ళ సంచి ఒకటుంటే, దాన్ని టేపు మీద పెట్టి మెత్తబరచడం మొదలుపెట్టాను.

ఆ సంచి వల్లే నాకు ఒక సంగతి తెలిసింది. ఎప్పుడు తీసుకోబోయినా అది వేడిగానే ఉండేది. పొద్దున చూసినా వేడే, మధ్యాహ్నం చూసినా వేడే. ఒకసారి అడిగాను.

"అత్తయ్యా, నడుము మరీ అంత నొప్పిగా ఉందా?"

"నొప్పేముంది. వయసు."

నొప్పేముంది అన్న మనిషి ఆ సాయంత్రం పొయ్యి ముందు నిలబడే నిద్రపోయింది. పాలు పొంగి, మాడి, ఇల్లంతా కమురు వాసన వస్తే నేను వెళ్ళి చూశాను. గరిటె చేతిలోనే ఉంది, కళ్ళు మూసుకునే ఉంది. మామయ్య బక్కచిక్కినా పొడుగు మనిషి. ఆయన్ని లేపి కూర్చోబెట్టాలి, ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి. రాత్రిళ్ళు యంత్రం చప్పుడు మారితే చాలు, లేచి కూర్చోవాలి. మేం సాయం వెళ్తే ఆయనే ఒప్పుకునేవారు కాదు. కోడలి చేత చేయించుకోవడం సిగ్గు, కొడుకు చెయ్యి మోటు. అన్నీ ఆవిడే. ఒళ్ళు హూనమైపోయింది, మొహం పీక్కుపోయింది.

మా ఆయన తల్లిని పక్కకి పిలిచి, "అమ్మా, కొన్నాళ్ళు వార్డులో ఉంచుదాం. అక్కడ నర్సులుంటారు. నువ్వు కాస్త తేరుకున్నాక మళ్ళీ తెచ్చుకుందాం" అన్నాడు.

"మీ నాన్నకి ఏం మాటిచ్చానో నీకు తెలీదా?"

"తెలుసు. కానీ నువ్వు పడిపోతే?"

"పడిపోతే అప్పుడు చూద్దాం. నాకు ఓపికున్నన్నాళ్ళూ ఆయన ఇక్కడే." అంతటితో ఆ విషయం అయిపోయిందన్నట్టు గిన్నె తోముకోవడానికి వెళ్ళిపోయింది.

నేను షెడ్డులోకి వెళ్ళేసరికి కిటికీ చువ్వ మీద చెంచా మోగింది.

"తల్లీకొడుకులు ఏమిటో గుసగుసలాడుతున్నారు" అన్నారు మామయ్య.

"మిమ్మల్ని ఎక్కడికీ పంపనంటోంది అత్తయ్య."

"అందా?"

"ఓపికున్నన్నాళ్ళూ మీరిక్కడే అంది."

ఆయన మొహం విప్పారింది. దిండు మీద తల సర్దుకుని, "అది అంతే. మొండిఘటం" అన్నారు. ఆ పూట గ్లాసులో పాలు అడుగు దాకా తాగారు. నేను బోర్డు తిప్పి రెండో అంచు తుడవడం మొదలుపెట్టాను.

మరుసటి రోజు జనం వస్తారనగా, ముందు రోజు మా పని తల ప్రాణం తోకకొచ్చేలా ఉంది. టేపు వేశాక బోర్డుని ఒక రోజైనా నీళ్ళలో దింపకూడదు. కాబట్టి మధ్యాహ్నంలోపే అన్నీ అయిపోవాలి. మా ఆయన బయట గొట్టంతో ఆఖరి బోర్డులు కడుగుతున్నాడు. నేను షెడ్డులో వంగి టేపు నొక్కుతున్నాను. అత్తయ్య పెరట్లో మామయ్య దుప్పట్లు పిండుతోంది. మామయ్య కళ్ళు మూసుకుని ఉన్నారు. ముందు రాత్రి ఆయనకి అస్సలు బాగోలేదు, తెల్లవారేదాకా ఇద్దరూ కూర్చునే ఉన్నారు. పొద్దుటి నుంచి ఆయన నాకు ఒక్క తప్పూ పట్టలేదు.

పిల్లల బోర్డు ఒకదానికి ముక్కు దగ్గర వంపు ఎక్కువ. అక్కడ ఒక బుడగ మొండికేసింది. ఇటు నొక్కితే అటు, అటు నొక్కితే ఇటు పోతోంది. సూదితో పొడిస్తే క్షణంలో పని అయిపోతుంది గానీ, ఆ కన్నంలోంచి నీళ్ళు దిగుతాయని మామయ్య పొడవనివ్వరు. వేడినీళ్ళ సంచి పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. వేళ్ళు నొప్పెట్టాయి. నేను బండబూతులు తిట్టుకుంటుంటే బయట నుంచి మా ఆయనకి వినపడ్డట్టుంది, వచ్చి తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశాడు. తర్వాత మళ్ళీ గొట్టం దగ్గరికి వెళ్ళిపోయాడు. చివరికి అది పట్టీ కింద నుంచి జారి, అంచు దాకా వచ్చి, మాయమైంది. నేను నిటారుగా నిలబడి నడుము పట్టుకున్నాను.

"ఏమైంది, ఊపిరి పోయిందా?" అని అరిచాడు మా ఆయన బయట నుంచి.

"పోయింది. ఇప్పుడే. మొత్తం పోయింది."

"హమ్మయ్య."

ఆ మాట మా ఆయనది అనుకున్నాను. కానీ అది ఆడగొంతు. గది అవతల పెరట్లోంచి వచ్చింది. గుండెల మీంచి ఎవరో పెద్ద మూట దింపినట్టు, నిదానంగా, చివరిదాకా వచ్చింది. వెంటనే తడి దుప్పటి బకెట్లో పడ్డ చప్పుడు.

ఆ మాటని రోజూ వాడుతున్నన్నాళ్ళూ దానికి బుడగ అనే అర్థం. మానేశాక అది మళ్ళీ మామూలు మాట అయిపోయింది. మా ఆయన పని తొందరలో పాత అలవాటు కొద్దీ అనేశాడు, నేను పాత అలవాటు కొద్దీ జవాబిచ్చాను. అత్తయ్యకి మాత్రం ఆ అలవాటు పోయింది. ఆవిడ చెవికి అది ఆసుపత్రి మాటలాగే వినపడింది.

నేను కిటికీ వైపు చూశాను. మామయ్య కళ్ళు తెరిచి ఉన్నాయి. నన్నే చూస్తున్నారు. షెడ్డులో మాటా, పెరట్లో మాటా రెండూ ఆ గది మీదుగానే వెళ్ళాయి, ఆయనకి వినపడకుండా ఉండే దారి లేదు.  అంతలో పెరటి తలుపు దగ్గర అడుగుల చప్పుడు అయింది. ఆయన గబుక్కున కళ్ళు మూసేసుకున్నారు.

అత్తయ్య లోపలికి వచ్చింది. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మొహంలో రక్తం చుక్క లేదు. మంచం దగ్గరికి వచ్చి వంగి ఆయన ఛాతీ వైపు చూసింది. అది లేస్తోంది, పడుతోంది. యంత్రం గురగురమంటూనే ఉంది. ఆవిడ చాలాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత తలెత్తి కిటికీలోంచి నన్ను చూసింది.

"టేపు గురించా?"

"టేపు గురించే అత్తయ్యా."

"ఆహా" అంది. ఆయన మెడ దాకా దుప్పటి లాగింది. అదేమీ జారిపోయి లేదు. మళ్ళీ పెరట్లోకి వెళ్ళి బకెట్లో దుప్పటి తీసి పిండడం మొదలుపెట్టింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడకి ఎంత నిద్ర కావాలో నాకు తెలుసు. కానీ మంచం మీద ఆయన మూసిన కనురెప్పలు వణుకుతుంటే ఏడుపొచ్చింది. ఎవరివైపు చూడాలో తెలియక బోర్డు వైపు తిరిగి చివర మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించాను.

మర్నాడు బోర్డులు నీళ్ళలోకి దిగాయి. జనం వచ్చారు, మబ్బుని చూసి నిట్టూర్చారు, అయినా దిగారు. మధ్యాహ్నం నేను మామయ్యకి మందు ఇవ్వడానికి వెళ్తే ఆయన మా ఆయన్ని పిలవమన్నారు. అత్తయ్య కూడా అక్కడే ఉంది.

"వార్డులో మంచం దొరుకుతుందేమో కనుక్కోరా" అన్నారు.

మా ఆయనకి అర్థం కాలేదు. "ఎవరికి నాన్నా?"

"ఎవరికేమిటి, నాకే. ఈ జిగురు వాసన పడట్లేదు. గుండెల్లో పట్టేస్తోంది."

ఆ టేపుకి వాసనే లేదు. ఉన్నా, బతుకంతా జిగురు వాసనలోనే బతికిన మనిషి. వాసన సంగతి నాకు తెలుసు, అత్తయ్యకి తెలీదు. మా ఆయనకి తెలిసినా ఆ క్షణంలో తట్టలేదో, తట్టినా ఊరుకున్నాడో. తన మొహంలో బరువు దిగినట్టు కనిపించింది, దాచుకోవడం తనకి చేతకాలేదు.

"వద్దన్నారుగా మీరు. గోడలు చూస్తూ ఉండలేనన్నారు. నేను మాటిచ్చాను" అంది అత్తయ్య.

"ఇచ్చావు. నేను వెనక్కి తీసుకుంటున్నాను."

"ఎవరైనా ఏమైనా అన్నారా మిమ్మల్ని?"

"నన్నెవరంటారే" అన్నారు మామయ్య. గోడ వైపు తిరిగి పడుకోబోయారు, ఒక్కరివల్ల కాలేదు. అత్తయ్యే పట్టుకుని తిప్పింది.

అంబులెన్సువాళ్ళు ఆయన్ని స్ట్రెచరు మీద ఎక్కించి తీసుకెళ్ళేటప్పుడు సరస్సు నిండా మా బోర్డులే. కొత్తవాళ్ళు ఎడాపెడా తెడ్లు వేస్తున్నారు, టక్కు టక్కుమని ఒడ్డు దాకా వినపడుతోంది. మామయ్య ఆగమని చెయ్యెత్తారు. కాసేపు ఆ చప్పుడు విని, "తట్టుకుంటోంది" అన్నారు. నేను తలూపాను. తర్వాత తలుపు వేశారు.

ఆ సాయంత్రం అత్తయ్య పడుకుంది. ఖాళీ అయిన ఆ గదిలో, ఆయన మంచం మీదే. మరుసటి రోజు పొద్దుపోయేదాకా లేవలేదు. భోజనానికి లేపబోతే మా ఆయన వద్దన్నాడు. ఇంట్లో యంత్రం చప్పుడు లేకపోయేసరికి మాకే తోచలేదు. లేచాక ఆవిడ చేతులు కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. మొహం తేటపడింది గానీ, ఎవరితోనూ మాట్లాడలేదు.

వార్డుకి అత్తయ్యా నేనూ బస్సులో వెళ్ళేవాళ్ళం. మొదటి కొన్నిసార్లు అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఒకరోజు, బస్సు ఎక్కి కూర్చోగానే అడిగింది.

"ఆయన విన్నారు కదూ?"

నాకు అబద్ధాలు చేతకావు, ఆడబోతే మొహమే చెప్పేస్తుంది. "కళ్ళు తెరిచే ఉన్నాయి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. దిగే చోటు వస్తే నేనే చెయ్యి పట్టి లేపాల్సి వచ్చింది.

వార్డులో మామయ్య మంచం గోడ వారన ఉంది. నిజంగానే గోడ తప్ప ఏమీ కనిపించదు. ఆయన ఇంకా చిక్కిపోయారు, ముక్కుకి గొట్టం పోయి మొహానికి మాస్కు వచ్చింది. మమ్మల్ని చూసి దాన్ని కొంచెం పక్కకి జరుపుకున్నారు. అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూస్తూ చెప్పింది.

"ఆ రోజు నేను హమ్మయ్య అన్నాను."

"విన్నాను."

"పొరపాటున వచ్చిన మాట కాదండి. నిజంగానే అన్నాను."

"తెలుసే. పొరపాటు మాటకి ఇంత దూరం వస్తానా?" మధ్యలో ఆగి మాస్కు పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "నువ్వు చాలా మోశావు. నేనే గుర్తించలేదు."

"ఇంటికి రండి. అవతల వాడున్నాడు, ఇదుంది. ముగ్గురం చూసుకుంటాం. ఈసారి మీ సిగ్గులూ గిగ్గులూ నేను ఒప్పుకోను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "వస్తే నువ్వు ఆ మాటని నోట్లో పెట్టుకుని తిరగాలి. నేను పక్కనుంటే బయటికి అనలేవు, మింగలేవు. వద్దు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇక్కడైతే నువ్వు ఇంట్లో హాయిగా అనుకోవచ్చు. నాకు వినపడదు."

వేళాకోళంగానే అన్నారు. పెదాలు కొంచెం వంకరగా నవ్వాయి కూడా. అత్తయ్య లేచి, "మీరిలా మాట్లాడితే రేపట్నుంచి నేను రాను" అంది. "వస్తావులే" అన్నారు ఆయన. ఆవిడ ఆయన దిండు తీసి దులిపి మళ్ళీ పెట్టింది. మాస్కు తాడు చెవి వెనక ఒరుసుకుని ఎర్రగా అయిన చోట వేలితో రాసింది. ఆయన కళ్ళు మూసుకుని రాయించుకున్నారు. నర్సు వచ్చి టైమైపోయిందని చెప్పేదాకా ఆవిడ రాస్తూనే ఉంది. నేను నడవలోకి వచ్చి నిలబడ్డాను.

ఆ తర్వాత కూడా రోజూ వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా ఇంటికి రమ్మని అడిగేది. అడిగినప్పుడల్లా ఆయన రానన్నారు. ఒక్కోసారి మాట కూడా ఉండేది కాదు, వేలు అడ్డంగా ఊపేవారు. వచ్చేటప్పుడు బస్సులో అత్తయ్య, "అడిగాను కదా, నువ్వు విన్నావు కదా" అని నన్ను సాక్ష్యం అడిగేది. విన్నాను అత్తయ్యా అనేదాన్ని.

సీజను సగానికి వచ్చేసరికి కొన్ని బోర్డులకి టేపు మార్చాల్సి వచ్చింది. మా ఆయన నీళ్ళ మీద జనంతో ఉన్నాడు. ఒక్కదాన్నే చుట్టా పట్టుకుని, కాగితమూ లాగుతూ, పట్టీ కూడా నొక్కలేక అవస్థ పడుతుంటే అత్తయ్య వచ్చి, "ఇటివ్వు, నేను పట్టుకుంటాను" అంది. ఆవిడ షెడ్డులో పని చేయడం అదే మొదలు. చుట్ట రెండు చేతులా పట్టుకుని, లాగొద్దంటే లాగకుండా, నా వెంట అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. బుడగ వస్తే "ఇదుగో, ఇక్కడొకటి" అని చూపించింది. దాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు.

బోర్డు మధ్య నుంచి ముక్కు వైపు సగం దూరం వచ్చాం. వెనక కాగితం సగం ఊడి వేలాడుతోంది. బల్ల మీద ఫోను మోగింది. నా రెండు చేతులూ టేపు మీదున్నాయి, వదిలితే అంతా ముడుచుకుని అంటుకుపోతుంది.

"నేను తీస్తాను" అని అత్తయ్య చుట్టని ఒక చేత్తో ఛాతీకి ఆనించి పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి చెవికి పెట్టుకుంది. "ఆ, నేనే. ఆయన భార్యని" అంది. తర్వాత వింది. చాలాసేపు వింది. చుట్టని మాత్రం వదల్లేదు, టేపు మా ఇద్దరి మధ్యా బిగుసుకోకుండా, వేలాడకుండా అలాగే ఉంది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఏడుపు లేదు, ఇంకేదీ లేదు, శ్రద్ధగా వినడం తప్ప.

"ఎప్పుడు?" అంది. "నొప్పేమైనా..." అని ఆగింది. "ఆహా. సరేనమ్మా."

అవతలి నుంచి నర్సు ఇంకేదో అడుగుతున్నట్టుంది, ఆయన్ని ఎక్కడికి పంపాలని కాబోలు.

"ఇంటికేనమ్మా. ఇంకెక్కడికి" అంది అత్తయ్య. "ఇప్పుడైతే రాననరు కదా."